చదువు ఉచితమట! మరి ఈ అప్పు ఎవరిది?



మా చిన్నాయన రామకృష్ణాపూర్ ఓపెన్‌కాస్టుల మట్టి తీసే కాంట్రాక్టరు కింద పనిచేస్తడు. ఆయన పెద్దబిడ్డ కన్వీనర్ కోటాల ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నది. "ఎస్టీలు కదా, మీకేంది, అంతా ఫ్రీయే" అని వాడకట్టోళ్లందరూ అన్నరు. మేమూ అట్లనే అనుకున్నం. నాలుగేండ్లు చదివింది. ఒక్క సబ్జెక్టు ఆగకుండ పాసైంది. టీసీ, మెమోలు తెచ్చుకుందామని కాలేజీకి పోతే కౌంటర్ల కూసున్నాయన కంప్యూటర్ చూసి ఒకటే మాట చెప్పిండు: "రెండేండ్ల ఫీజు గవర్నమెంటు నుంచి రాలే. లక్షా ముప్పై వేలు కట్టి సర్టిఫికెట్లు తీస్కపోండి. గవర్నమెంటు ఇచ్చినప్పుడు మీ పైసలు మీకు వాపస్ ఇస్తం."

ఏడాది తిరిగిండ్రు. ఈలోపల ఒక కంపెనీల ఉద్యోగం వచ్చినట్టే వచ్చి, ఒరిజినల్స్ చూపించలేక చేజారిపోయింది. ఆఖరికి చిన్నమ్మ పుస్తెలతాడు కుదువపెట్టింది. తక్కువ పడ్డ 80 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిండ్రు. నెలకు 2,400 వడ్డీయే పోతున్నది, అసలు అట్లనే ఉన్నది. ఇప్పుడు సర్టిఫికెట్లు ఇంట్ల ఉన్నయి, పుస్తెలతాడు ఫైనాన్సుల ఉన్నది. వాపస్ ఇస్తమన్న పైసలు ఇయ్యాల్టికీ రాలే.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్, గోదావరిఖని, ఎక్కడ నలుగురు చదువుకున్న ఆదివాసీ పిల్లలు కూసున్నా ఇదే కథ వినపడతది. అందుకే ఈ అడ్మిషన్ల కాలంల ఒక మాట గట్టిగ చెప్పాలనుకుంటున్న. మనకు "ఉచితం" అని చెప్తున్న చదువు చాలాసార్లు ఉచితం కాదు. ప్రభుత్వం కట్టవలసిన బాకీని మన పేరు మీద, మన సర్టిఫికెట్ల మీద, మన తల్లుల మెడల మీద రాసిన చదువు. నిజంగనే ఫీజు లేని చదువు దొరికే దారులు ఉన్నయి. వాటిని మనం ముందుగ పట్టుకోవాలె. లేని దారులను కొట్లాడి తెరిపించాలె. ఈ రెండు పనులూ ఒకేసారి చేయాలె.

ముందు ఈ లెక్క ఎట్ల నడుస్తదో అర్థం చేసుకుందాం. ఎస్టీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిన్నమొన్నటి పథకం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే మొదలైంది. ఆ ఖర్చులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. తెలంగాణలో కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన ఎస్టీ విద్యార్థికి ర్యాంకుతో పని లేకుండా పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కట్టాలి. 2022 నుంచి మూడేండ్లకు ఖరారు చేసిన ఇంజనీరింగ్ ఫీజులు ఏడాదికి 45 వేల నుంచి లక్షా 60 వేల దాకా ఉండేవి. కాగితం మీద చూస్తే ఇందుల మనం కట్టేది ఏమీ లేదు.

కానీ పథకం పేరే చూడండి: రీయింబర్స్‌మెంట్. అంటే ముందు ఎవరో ఒకరు భరించాలె, తర్వాత ప్రభుత్వం తిరిగి ఇస్తది. ఆ "తర్వాత" ఎప్పుడన్నది ఎవరికీ తెల్వదు. బకాయిలు వేల కోట్లకు చేరినయి. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలే బకాయిలు ఇయ్యాలని కాలేజీలు బంద్ పెట్టినయి. ప్రభుత్వం యాజమాన్యాలకు బాకీ. యాజమాన్యాల దగ్గర బంద్ అనే ఆయుధం ఉన్నది, హైదరాబాద్‌ల మంత్రులతోని కూసొని మాట్లాడే బలం ఉన్నది. మరి విద్యార్థి దగ్గర ఏమున్నది? వాని సర్టిఫికెట్లు కూడ వాని దగ్గర లేవు. అందుకే ఇద్దరు పెద్దోళ్ల నడుమ బాకీ వచ్చి వచ్చి ఆఖరికి చిన్నోని నెత్తిన పడుతున్నది.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టిపెట్టుకునే హక్కు ఏ కాలేజీకీ లేదు. యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చేర్చుకునేటప్పుడు ఒరిజినల్స్ చూసి సరిపోల్చుకోవాలె, వెంటనే విద్యార్థికి తిరిగి ఇయ్యాలె, దగ్గర పెట్టుకోకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. మన పిల్లల్ల ఎంతమందికి ఈ సంగతి తెలుసు? కౌంటరు కాడ ఆ మాట అడిగే ధైర్యం ఎంతమందికి ఉన్నది? తెలిసినోళ్లు కూడ "ఇంకా ప్రాక్టికల్ మార్కులు వాళ్ల చేతులనే ఉన్నయి కదన్నా" అని ఊకుంటున్నరు. ఒక్కడు అడిగితే భయం ఉంటది. పదిమంది పోయి అడిగితే ఉండదు.

ఇంక ఆదాయ పరిమితి సంగతి. తెలంగాణలో ఎస్టీ విద్యార్థి ఫీజు పొందాలంటే తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2 లక్షలు దాటకూడదు. కేంద్రం పెట్టిన పరిమితి రెండున్నర లక్షలు. 2 లక్షలను 12తోని భాగించండి: నెలకు 16,666 రూపాయలు. మన బెల్టుల ఒక కాంట్రాక్టు డ్రైవరు రెండు ఓటీలు ఎక్కువ చేస్తే, ఇంట్ల తల్లి కూడ ఏదన్న పనికి పోతే ఆ గీత దాటిపోతది. దాటినోడు ధనవంతుడు అయినట్టా? నెలకు 17 వేలు వచ్చే ఇల్లు ఏడాదికి లక్ష ఫీజు కట్టగలదా? ఈ గీత గీసినోళ్లు మంచిర్యాలల ఒక రూము కిరాయి ఎంతనో ఎన్నడన్నా అడిగిండ్రా? ఫలితం ఏమైతున్నది? నిజమైన జీతం చెప్తే ఫీజు పోతది, తక్కువ చెప్తే దొంగలెక్క నిలబడాలె. న్యాయంగ బతికేటోన్ని అబద్ధం ఆడమనే నియమం అది.

"ఫీజు కట్టలేకపోతే ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవచ్చు కదా" అంటరు కొందరు. 2024 నవంబరులో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి పథకం తెచ్చింది. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవాళ్లకు పూచీకత్తు లేకుండా లోను, 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల లోను దాకా వడ్డీలో 3 శాతం రాయితీ. మంచిగ వినపడతది. కానీ రాయితీ వచ్చేది వడ్డీల ఒక ముక్కకే, మిగిలింది అప్పే. 4 లక్షల లోను 10 శాతం వడ్డీకి తీసుకుంటే ఏడాదికి 40 వేలు, నెలకు 3,300 పైన వడ్డీకే పోతది. డిగ్రీ పట్టుకొని బయటికొచ్చిన మన పిల్లలకు మొదట దొరుకుతున్న జీతాలు మనకు తెల్వనివా? కాంట్రాక్టు సూపర్‌వైజర్, సెక్యూరిటీ గార్డు, డెలివరీ బాయ్. మా గూడెంల బీటెక్ చదివినోడు కూడ ఓసీల టిప్పర్లు లెక్కపెట్టే పనిల ఉన్నడు. ఆ జీతం లోంచి వడ్డీ పోంగ ఇంటికి ఏమి వస్తది?

అప్పు అనే మాట మన జాతికి కొత్తది కాదు. తాత తీసుకున్న పది రూపాయలకు మనుమడు దాక సావుకారు పొలంల చాకిరీ చేసిన భగేలా రోజులు మన ఆదిలాబాద్ అడవులు చూసినయి. బట్టకు, ఉప్పుకు, పెండ్లికి తెచ్చిన అప్పుల కిందనే భూములు పోయినయి. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైనంకనే నిజాం సర్కారు కండ్లు తెరిచి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆ తర్వాతనే పట్టాలు వచ్చినయి, మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది, గోండి భాషల పాఠాలు వచ్చినయి. అంటే మనకు బడి వచ్చింది ఎవరి దయతోని కాదు. రక్తం పారినంక వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాలల్ల వడ్డీ వ్యాపారులను కట్టడి చేయడానికి 1960లనే ప్రత్యేకంగ రెగ్యులేషన్ తెచ్చిండ్రు. సావుకారు నుంచి కాపాడటానికి చట్టం చేసిన సర్కారే, ఇయ్యాల ఫీజు టైముకు ఇయ్యక మన పిల్లలను మళ్ల సావుకారు గడపకే పంపుతున్నది. అప్పట్ల వడ్డీ లెక్క కట్ట చేత కాక మోసపోయినం. ఇప్పుడు ఇంజనీరింగ్ చదివి కూడ అదే వడ్డీ కడుతున్నం.

"ఎస్టీలకు అన్నీ ఫ్రీయే" అని ఎక్కిరించేటోళ్లకు ఒక లెక్క చెప్పాలె. సింగరేణిల రాష్ట్రానికి 51 శాతం వాటా, కేంద్రానికి 49 శాతం వాటా. మన బొగ్గు తోటి కరెంటు వచ్చింది, రైళ్లు నడిచినయి, సిమెంటు ఫ్యాక్టరీలు నడిచినయి. 2024 సెప్టెంబరుల లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మనెంటు కార్మికులకు సగటున లక్షా 90 వేలు వచ్చింది. అదే గనిల, అదే దుమ్ముల పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు 5 వేలు. అదీ మొదటిసారి. పర్మనెంటు అన్నలకు వచ్చిన దాని మీద నాకు కన్ను లేదు. వాళ్ల చెమటకు వాళ్లకు రావాల్సిందే. కానీ కాంట్రాక్టు పనిల ఉన్నదెవరు? భూములు ఓసీలల్ల కలిసిపోయినోళ్లు, గూడేలు లేచిపోయినోళ్లు, చదువు నడుమల ఆపినోళ్లు. ఆ 5 వేల ఇంటి పిల్ల లక్షా ముప్పై వేలు కట్టి సర్టిఫికెట్లు తీసుకోవాలె. దీన్ని ఫ్రీ అంటరా?

చట్టం ప్రకారమే ఇంకో లెక్క ఉన్నది, దాని గురించి మన సంఘాలు కూడ తక్కువనే మాట్లాడుతున్నయి. 2015ల గనుల చట్టానికి సవరణ చేసి ప్రతి గనుల జిల్లాల జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు, మనం డీఎంఎఫ్‌టీ అనేది, పెట్టిండ్రు. గనుల వల్ల దెబ్బతిన్న మనుషుల కోసం, ప్రాంతాల కోసం ఆ నిధి ఖర్చు పెట్టాలని చట్టంలనే ఉన్నది. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. పాత లీజులకు ఆ రాయల్టీల 30 శాతం డీఎంఎఫ్‌టీకి అదనంగ కట్టాలె. అంటే పన్నులు కాక 100 రూపాయల బొగ్గు అమ్మితే 4 రూపాయల 20 పైసలు. లక్షల టన్నుల మీద లెక్కేసుకోండి. 2015 మార్గదర్శకాల ప్రకారం ఆ నిధుల్లో కనీసం 60 శాతం అత్యధిక ప్రాధాన్యం ఉన్న పనులకే పెట్టాల్సి ఉండేది. తాగునీరు, ఆరోగ్యంతో పాటు విద్య కూడా ఆ జాబితాలో ఉంది. సీసీ రోడ్లు, కాంపౌండు గోడలు ఎప్పుడూ కనపడతనే ఉంటయి. గని బాధిత ఆదివాసీ విద్యార్థుల ఫీజుకు, హాస్టలుకు, పుస్తకాలకు ఎంత పెట్టిండ్రు? మంచిర్యాల, పెద్దపల్లి కలెక్టరేట్లల్ల ఆర్టీఐ కింద అడిగితే లెక్క బయటికొస్తది. ఆ లెక్క అడిగే పని ఈ నెలలనే మొదలుపెట్టాలె.

అందుకే నేను బాకీ అనే మాటను తిప్పి చదువుతున్న. ఫీజు లేని చదువు మనం అడుక్కునే దానం కాదు. బొగ్గు తీసుకున్నోళ్లు, అడవి తీసుకున్నోళ్లు మనకు పడ్డ బాకీ అది. బాకీ రావలసినోడు తలవంచుకొని కౌంటరు కాడ ఎందుకు నిలబడాలె?

ఇంక ఇయ్యాల పది, ఇంటరు పాసైన చెల్లెండ్లకు, తమ్ముండ్లకు చెప్పాల్సింది. పోరాటం గెలిచే దాక మీ అడ్మిషన్ ఆగదు. అందుకే దారులు తెలుసుకోండి.

పది పాసైనోళ్లకు మొదటి దారి బాసర ట్రిపుల్ ఐటీ. 2008ల మొదలైంది. ఎంట్రన్స్ లేదు, పదో తరగతి మార్కుల మీదనే సీటు, ప్రభుత్వ బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటది. ఆరేండ్లు అక్కడనే ఉండి బీటెక్ పూర్తి చేయొచ్చు. రెండో దారి పాలిటెక్నిక్. మన దగ్గరనే బెల్లంపల్లిల ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నది, నస్పూర్ సీసీసీల సింగరేణి పాలిటెక్నిక్ ఉన్నది. డిప్లొమా చేసినోడు ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగ ఇంజనీరింగ్ రెండో సంవత్సరంల చేరొచ్చు. నాలుగేండ్ల ఫీజు మూడేండ్లకు తగ్గుతది.

ఇంటరు అయినోళ్లకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌ల ముందు ప్రభుత్వ కాలేజీలు పెట్టుకోండి. మంథని జేఎన్టీయూ కాలేజీ మన బెల్టులనే సెంటినరీ కాలనీల ఉన్నది, మైనింగ్ బ్రాంచి కూడ ఉన్నది. కొత్తగూడెం మైనింగ్ కాలేజీని 2025ల ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగ మార్చిండ్రు. గనుల కోసం ఊర్లు ఖాళీ చేసినోళ్ల పిల్లలు గనుల ఇంజనీర్లు ఎందుకు కాకూడదు? డిగ్రీకి పోయేటోళ్లకు దోస్త్‌ల గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు ఉన్నయి. అవి 2017ల మొదలైనయి. చదువు, వసతి, తిండి అన్నీ అక్కడనే. బెల్లంపల్లి, చెన్నూరు, లక్షెట్టిపేట, గోదావరిఖనిల ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఉన్నయి. ములుగుల సమ్మక్క సారక్క కేంద్ర గిరిజన యూనివర్సిటీ ఉన్నది. 2014 విభజన చట్టంల ఇచ్చిన మాటకు చట్టం 2023 డిసెంబరుల గానీ రాలే. ఆలస్యమైనా అది మన పేరు మీద వచ్చిన యూనివర్సిటీ, అక్కడి సీట్లు మనం వదలొద్దు.

జేఈఈ రాసేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 2016ల ఐఐటీల ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచినప్పుడు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండ మొత్తం మాఫీ చేసిండ్రు. వరంగల్ ఎన్ఐటీ లాంటి చోట కూడ ఎస్టీలకు ట్యూషన్ ఫీజు లేదు. ఇవి కాక గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ జాబితాల ఉన్న పెద్ద సంస్థలల్ల చదివే ఎస్టీ విద్యార్థులకు ఏటా వెయ్యి జాతీయ స్కాలర్‌షిప్‌లు ఉన్నయి. దానికి ఆదాయ పరిమితి 6 లక్షలు. 2 లక్షల గీత దాటి రాష్ట్ర స్కాలర్‌షిప్ పోయిన ఇండ్లకు ఇది పనికొస్తది.

కానీ "ట్యూషన్ ఫీజు లేదు" అన్న మాట విని నిశ్చింతగ ఉండొద్దు. గడప దాటడానికే పైసలు కావాలె. 2024 జూన్‌ల ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా దళిత పిల్లగాడొకడు ఐఐటీ ధన్‌బాద్‌ల సీటు తెచ్చుకున్నడు. ధన్‌బాద్ కూడ మన లెక్క బొగ్గు ఊరే. సీటు ఒప్పుకునే ఫీజు 17,500 రూపాయలు గడువు లోపల కట్టలేక సీటు పోయింది. సుప్రీంకోర్టు దాక పోతే సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి సీటు ఇప్పించింది. అదే ఏడాది మన రాజన్న సిరిసిల్ల జిల్లా గిరిజన అమ్మాయి ఐఐటీ పట్నాల సీటు వచ్చి కూడ ఫీజులు, ఖర్చులకు పైసలు లేక మేకలు కాసుకుంటున్నదని పేపర్ల వచ్చింది. అప్పుడు గానీ రాష్ట్ర ప్రభుత్వం కదలలే. పేపర్ల పడ్డోళ్లకు న్యాయం దొరికింది. పేపర్ల పడనోళ్లు ఎంతమంది మేకల ఎంబడి పోయిండ్రో ఎవరు లెక్కపెట్టిండ్రు?

ఇప్పుడు ఉచ్చుల సంగతి. స్పాట్ అడ్మిషన్ల, మేనేజ్‌మెంట్ కోటాల చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "ముందు చేరు బిడ్డా, తర్వాత స్కాలర్‌షిప్ మేం చేయిస్తం" అని పీఆర్వోలు ఇంటికొచ్చి చెప్తరు. నమ్మొద్దు. ఆ పీఆర్వోకు మీ తల మీద కమీషన్ ఉంటది. సీటు కన్వీనర్ కోటానేనా అని అలాట్‌మెంట్ లెటర్ మీద చూసుకోండి. ఖాళీ చెక్కు మీద, ఖాళీ బాండు పేపరు మీద సంతకం పెట్టొద్దు. కట్టిన ప్రతి రూపాయికి రసీదు అడగండి. కుల, ఆదాయ సర్టిఫికెట్లు రిజల్టు రాకముందే మీసేవల తీసిపెట్టుకోండి. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతది. కూలికి పోయి క్లాసులు తప్పిన మా దోస్తులు ఇద్దరు అట్లనే పోగొట్టుకున్నరు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగ ఒప్పుకోవాలె. "ప్రభుత్వ కాలేజీల చదువు ఏముంటదన్నా, లెక్చరర్లే లేరు" అని తమ్ముండ్లు అడుగుతరు. అబద్ధం కాదు. గెస్టు లెక్చరర్ల మీద నడిచే కాలేజీలు ఉన్నయి. సొంత బిల్డింగు లేని గురుకులాలు ఉన్నయి. హాస్టళ్లల్ల తిండి బాగలేక పిల్లలు రోడ్డెక్కిన రోజులు ఉన్నయి. 2024ల మెస్ ఛార్జీలు పెంచినంక ఇంటరు నుంచి పీజీ దాక పిల్లలకు నెలకు 2,100 అయినయి. రోజుకు 70 రూపాయలు. మూడు పూటల తిండి దాంట్లనే. అందుకని ప్రైవేటుల కన్వీనర్ సీటు తీసుకునేటోళ్లను నేను తప్పు పట్టను. మంచి కాలేజీ అయితే తీసుకోండి. కానీ కండ్లు తెరిచి తీసుకోండి, మొదటి రోజు నుంచే ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకోండి. ఒక సంగతి మాత్రం మరువొద్దు. ప్రైవేటు కాలేజీల అప్పు ఒక్కొక్కడు ఒంటరిగ మోస్తడు. ప్రభుత్వ కాలేజీల లెక్చరరు లేకపోతే అందరం కలిసి కొట్లాడొచ్చు.

కొట్లాడితే వస్తదా అంటరు. రాగి గనుల దేశం చిలీల 2011ల విద్యార్థులు నెలల తరబడి రోడ్ల మీదికి వచ్చిండ్రు. అక్కడ కూడ చదువంటే కుటుంబాలను ముంచే అప్పే. 2016 నుంచి పేద కుటుంబాల పిల్లలకు యూనివర్సిటీ ఫీజు లేకుండ అయింది. జర్మనీల కొన్ని రాష్ట్రాలు పెట్టిన ట్యూషన్ ఫీజులు విద్యార్థుల ఒత్తిడికి 2014 వరకు అన్నిచోట్లా ఎత్తేసిండ్రు. మన దగ్గర కూడ చూడండి. సింగరేణి పైసలతోని రామగుండంల మెడికల్ కాలేజీ 2022ల వచ్చింది. 2023ల అందుల సింగరేణి ఉద్యోగుల పిల్లలకు 5 శాతం సీట్లు ఇచ్చిండ్రు. ఉద్యోగుల పిల్లలకు తలుపు తెరవగలిగినప్పుడు భూమి పోయిన గూడెం పిల్లలకు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలకు ఎందుకు తెరవరు?

మన అడిగేవి ఇవి.

ఒకటి, ఎస్టీ విద్యార్థుల ఫీజు విద్యాసంవత్సరం మొదట్లనే కాలేజీకి ప్రభుత్వం కట్టాలె. బకాయి ఉన్నా విద్యార్థిని అడగకూడదు.

రెండు, బకాయి పేరుతోని సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ గుర్తింపు మీద చర్య ఉండాలె. ఇప్పటిదాక అట్ల వసూలు చేసిన పైసలు తిరిగి ఇప్పించాలె.

మూడు, 2 లక్షల ఆదాయ పరిమితి పెంచాలె. కాంట్రాక్టు కార్మికుని ఓటీని ధనం కింద లెక్కపెట్టుడు ఆపాలె.

నాలుగు, డీఎంఎఫ్‌టీ నిధులల్ల గని బాధిత ఆదివాసీ విద్యార్థులకు ప్రతి ఏడాది వాటా కేటాయించి, ఆ లెక్క గ్రామసభల చదివి వినిపించాలె.

ఐదు, ఉట్నూరు ఐటీడీఏల అడ్మిషన్ నిధి పెట్టాలె. సీటు వచ్చిన పిల్ల ఫోను చేసిన రోజే సీటు ఫీజు, ప్రయాణం ఖర్చు అందాలె. ఇంకో పిల్ల సుప్రీంకోర్టు దాక పోవాల్సిన అవసరం రావద్దు.

ఆఖరికి మనకు మనం చెప్పుకోవాల్సిన మాట ఒకటున్నది. ఆగస్టు 9 వస్తే ఫ్లెక్సీలు కడతం, డప్పులు కొడతం, ఫొటోలు పెడతం. తప్పు లేదు, అది మన పండుగ. కానీ మే, జూన్ నెలలల్ల మన సంఘాలు ఏడ ఉంటయి? పీఆర్వో గూడెంకు నాలుగుసార్లు వస్తడు. మనం ఒక్కసారన్నా పోతున్నమా? ఒక ఫ్లెక్సీ ఖర్చుతోని ఎన్ని సర్టిఫికెట్లు మీసేవల తీయించొచ్చు? ప్రతి గూడెంల, ప్రతి బస్తీల చదువుకున్నోళ్లు ఇద్దరు కూసొని పది, ఇంటరు పాసైన పిల్లల పేర్లు రాయండి. ఎవరికి కుల సర్టిఫికెట్ లేదు, ఎవరు ఏ కౌన్సెలింగ్‌కు పోవాలె, ఎవరి ఒరిజినల్స్ ఏ కాలేజీల ఆగినయి, అన్నీ ఒక నోటుబుక్కుల రాయండి. ఆగిన సర్టిఫికెట్ల లిస్టు పట్టుకొని అందరం ఒకేరోజు కలెక్టరేట్‌కు పోదాం. మొదటి పేరు మా చెల్లెదే రాస్తున్న. సర్టిఫికెట్లు వచ్చినా, ఆ లక్షా ముప్పై వేలు తిరిగి వచ్చే దాక ఆ పేరు కొట్టేయను.

చిన్నమ్మ మొన్న అడిగింది: "రెండో పిల్లను కూడ చదివియ్యాల్నా బిడ్డా, అప్పు తీరనే లేదు కదా?" ఆ పిల్ల ఈసారి పది పాసైంది, మంచి మార్కులు వచ్చినయి. చదివియ్యాలె చిన్నమ్మా. బాసరకు అప్లికేషన్ మేమే పెడతం. సీటు రాకపోతే బెల్లంపల్లి పాలిటెక్నిక్ ఉన్నది. ఈసారి నీ మెడల ఏదీ తీయాల్సిన పని పడకుండ చూసే బాధ్యత మనందరిదీ.

జల్ జంగల్ జమీన్‌తో పాటు చదువు కూడ మన హక్కే.

జోహార్ కొమురం భీం. జై ఆదివాసీ.